రాజమహేంద్రవరానికి వస్తున్నారా? నెల చూసుకోండి, నీటి వెంట తిరగండి

మా ఊరికి వచ్చే స్నేహితులు ఫోను చేసి ముందుగా అడిగేది ఏ హోటలు బాగుంటుందని. నేను తిరిగి అడిగేది ఏ నెలలో వస్తున్నారని. గోదావరి డెల్టాలో రుచి నెలను బట్టి, పూటను బట్టి మారిపోతుంది. శ్రావణంలో విస్తట్లో వడ్డించినది మాఘంలో ఊరంతా వెతికినా దొరకదు. పొద్దున ఏడింటికి పెనం మీద నుంచి దిగిన పెసరట్టుకూ, పదిన్నరకు అదే హోటల్లో వేసే పెసరట్టుకూ పోలికే ఉండదు. అందుకే హోటళ్ల పట్టిక ఇవ్వడం లేదు. ఏ వేళకు ఎక్కడ ఉండాలో, అక్కడ ఏమి అడగాలో, ఏ దారిన వెళ్లాలో చెబుతాను. రెండు రోజులు చేతిలో ఉంటే చాలు. మూడో రోజు దొరికితే ఇంకా మంచిది.

ముందు నెల తేల్చుకోండి

మొదటిసారి వస్తున్నవారు నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి లోపు రండి. కాలువలు నిండుగా పారుతుంటాయి, దాళ్వా (రెండో పంట వరి) నాట్లు పడి చేలు పచ్చబడుతుంటాయి, మధ్యాహ్నం పూట కూడా నడవగలుగుతారు. పొద్దున్నే రోడ్ల పక్కన తంపటి వేసిన తేగలు కట్టలుగా పేర్చి అమ్ముతారు. తేగను నిలువునా చీల్చి, మధ్యలో ఉండే మెత్తని చందమామను ముందు తీసి తినండి. పిల్లలు పక్కన ఉంటే అది వాళ్లకే వదిలేయాలి, అది ఇక్కడి మర్యాద. సంక్రాంతి వారంలో వచ్చేటట్లయితే గది నెల ముందే మాట్లాడుకోండి. ఉద్యోగాల కోసం వెళ్లిన వాళ్లందరూ ఆ వారం ఊళ్లకు తిరిగి వస్తారు. రైళ్లు, బస్సులు, హోటళ్లు దేనిలోనూ చోటుండదు. కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలనుకునేవారు తెల్లవారకముందే బయలుదేరాలి. ప్రభలు కదిలాక ఆ దారుల్లో కారు కదలదు.

ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తారు, ఎండ మాడ్చేస్తుంది. అయినా పనస, మామిడి, ముంజల కోసం వచ్చేవాళ్లను నేను వద్దనను. జూలై నుంచి సెప్టెంబరు దాకా నదిలో ఎర్రనీరు, దానితో పాటు పులస చేప. ఆ నెలల్లో వరదను బట్టి పడవలు, పంట్లు (రేవు దాటించే బల్లకట్లు) ఆపేస్తారు కనుక మీ ప్రయాణంలో ఒక రోజు అదనంగా ఉంచుకోండి. కార్తికంలో రేవులన్నీ భక్తులతో నిండిపోతాయి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఆ పన్నెండు రోజులూ స్నానానికి వచ్చేవారివి. తిండి కోసం, తిరగడం కోసం వచ్చేవారు మరో నెల చూసుకోవడం అందరికీ మేలు.

మొదటి రోజు: ఊళ్లోనే ఉండండి

గది కోటగుమ్మానికో, గోదావరి స్టేషనుకో దగ్గరలో తీసుకోండి. అక్కడి నుంచి గోదావరి గట్టుకు నడిచి వెళ్లవచ్చు. చూడవలసినవి చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. కార్లు పట్టని సందులు కూడా అక్కడివే, కాబట్టి ఊళ్లో తిరగడానికి మీ కాళ్లూ, అవసరమైతే ఆటో చాలు.

తెల్లవారుజామున అయిదున్నరకు పుష్కర ఘాట్‌లో ఉండండి. ఈ ఒక్క పనికి బద్ధకించవద్దు. నీళ్ల మీద పొగమంచు ఇంకా లేవదు. దూరంగా పాత వంతెన స్తంభాలు ఒకదాని వెనుక ఒకటి మసకగా కనిపిస్తాయి. 1900లో రైళ్లు మొదలై 1997లో విశ్రాంతి తీసుకున్న హేవలాక్ వంతెన అది, 56 ఖానాలది. దాని పని అందుకున్నది పక్కనే విల్లుల వరుసలా నిలబడిన ఆర్చి వంతెన. ఇంకొంచెం ఎగువన 1974 నాటి రోడ్డు, రైలు వంతెన. ఎక్స్‌ప్రెస్ రైలు ఆర్చిల మధ్య నుంచి వెళ్తుంటే ముందు ఆ మోత వినిపిస్తుంది, తరువాత నీళ్లలో దాని నీడ కదులుతుంది. స్నానం చేయాలనుకుంటే గొలుసులు దాటి లోపలికి వెళ్లవద్దు. పైకి నెమ్మదిగా కనిపించినా గోదావరికి అడుగున లాగుడు ఎక్కువ.

ఏడింటికి ఫలహారం. పెద్ద బోర్డు ఉన్న హోటలు కోసం వెతకకండి. బయట నిలబడి తినేవాళ్లు ఎక్కువగా ఉన్న చోట ఆగండి. పెసరట్టు అడగండి, ఉప్మా లోపల పెట్టమనండి, అల్లప్పచ్చడి రెండోసారి వేయించుకోండి. పెసరట్టు అంచులు కరకరలాడుతూ, మధ్యలో ఉల్లిపాయ ముక్కలు కాస్త పచ్చిగానే ఉండాలి. అల్లం ఘాటు ముక్కుకు తగలాలి, వెంటనే బెల్లం తీపి దాన్ని సర్దిచెప్పాలి. దిబ్బరొట్టె వేసే చోటు తెలిస్తే రెండో రోజు దానికే వెళ్లండి. మందపాటి మూకుడులో మినపపిండి పోసి, కింద సన్నని సెగ పెట్టి, మూత మీద కూడా నిప్పులు వేసి కాల్చిన రొట్టె పైన ఎర్రగా పెళుసుగా, లోపల దూదిలా ఉంటుంది. చెరకు పానకంలో ముంచుకుని తినడం పశ్చిమ డెల్టా వాళ్ల అలవాటు. ఒకసారి అలవాటైతే పచ్చడి వైపు చూడరు.

ఫలహారం అయ్యాక మార్కండేయస్వామి గుడి, కోటిలింగాల రేవు చూసుకుంటూ గట్టు మీద నడవండి. ఆ తరువాత తప్పకుండా చూడవలసినవి రెండున్నాయి. మొదటిది కందుకూరి వీరేశలింగం ఇల్లు. 1881 డిసెంబరు 11న ఆయన తెలుగునాట తొలి వితంతు పునర్వివాహం జరిపించిన ఊరు ఇది. ఊరంతా ఎదురు తిరిగిన రోజుల్లో ఆ పెళ్లి పందిరి ఎంత ధైర్యంతో వేశారో ఆ ఇంటి గదుల్లో నిలబడి తలచుకుంటే తెలుస్తుంది. రెండోది దామెర్ల రామారావు చిత్రశాల. 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచితో పోయిన చిత్రకారుడు ఆయన. ఆంధ్ర చిత్రకళకు తనదైన గీత కావాలని తపించి, ఇక్కడ చిత్రకళాశాల పెట్టి శిష్యులను తయారు చేశారు. "పుష్పాలంకారం" ముందు కనీసం అయిదు నిమిషాలు నిలబడండి. స్త్రీల భుజాలు, మెడలు, జడలు కలిసి ఒకే తీగలా ఎలా సాగుతాయో చూడండి. ఇంత గొప్ప బొమ్మలు మన ఊళ్లో ఉన్నాయని మనవాళ్లలో చాలామందికి తెలియకపోవడం నాకు ఎప్పుడూ బాధే. ఇలాంటి చోట్లకు సెలవు రోజులు ఉంటాయి, బయలుదేరే ముందు ఒకసారి కనుక్కోండి.

మధ్యాహ్నం భోజనం పన్నెండున్నరకే కానివ్వండి. రెండు దాటితే కూరలు మిగలవు. అరిటాకు భోజనం పెట్టే మెస్సులో కూర్చుని, ఆ రోజు ప్రత్యేకమైన కూర ఏదని అడగండి. కంద బచ్చలి అంటే సంతోషించండి. పనస పొట్టు అంటే ఇంకో చెంబు మంచినీళ్లు పెట్టమని చెప్పి స్థిరంగా కూర్చోండి. లేత పనసకాయను సన్నగా పొట్టు కొట్టడం అందరికీ చేతకాదు. బజారులో ఆ పని చేసే ఆడవాళ్ల చేతిలో కత్తి ఆడే వేగం చూస్తే కళ్లు తిప్పుకోలేరు. ఆ పొట్టును ఉడికించి, ఇంగువ పోపు వేసి, చివర ఆవ పెట్టి దించుతారు. ఆవఘాటు మొదటి ముద్దకే తెలియాలి. చివర గడ్డ పెరుగు వేసుకునేటప్పుడు ఆవకాయ ముక్క మరచిపోకండి. మాంసాహారులు బొమ్మిడాయిల పులుసు ఉందేమో అడగండి. వంజరం, చందువా ఎక్కడైనా దొరుకుతాయి. బొమ్మిడాయిలు తినవలసిన చోటు గోదావరి ఒడ్డే.

ఎండ తగ్గే లోపు తాగవలసింది రోజ్‌మిల్క్. కోటగుమ్మం దగ్గర మెయిన్ రోడ్డులో తరాలుగా నడుస్తున్న దుకాణం ఎవరిని అడిగినా చూపిస్తారు. చిక్కగా కాచి చల్లార్చిన పాలు, గులాబీ వాసన, లోపల కోవా పలుకులు. గడగడా తాగేయకండి. అడుగున చేరినవి నమిలి తినవలసినవి. సాయంత్రం బట్టల బజారు కావాలనుకుంటే తాడితోట వెళ్లండి, లేదంటే నేరుగా పుష్కర ఘాట్‌కు తిరిగి రండి. పొద్దు గుంకాక గోదావరి హారతి ఇస్తారు. అరగంట ముందు మెట్ల మీద చోటు చూసుకోండి. హారతి అయ్యాక గట్టు మీద బండ్ల దగ్గర ఉల్లిపాయ కూరిన మిరపకాయ బజ్జీలు, ముంత మసాలా ఉంటాయి. రాత్రి భోజనం అక్కడే అయిపోతుంది.

రెండో రోజు: నీటి వెంట ఆత్రేయపురం దాకా

ఈ రోజుకు కారు మాట్లాడుకోండి. శనివారం మాత్రం వద్దు. వాడపల్లి వెంకన్న దర్శనానికి ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్లతో ఆ కాలువ గట్టు రోడ్డు మొత్తం నిండిపోతుంది. గుడికే వెళ్లాలంటే శనివారం వెళ్లండి, ఊళ్లు చూడాలంటే మిగతా ఆరు రోజులున్నాయి.

పొద్దున ఏడింటికి బయలుదేరితే సుమారు 8 కిలోమీటర్ల దూరంలో ధవళేశ్వరం. డెల్టా అనే మాటకు అర్థం ఇక్కడే తెలుస్తుంది. ఇక్కడి నుంచి గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలిపోతుంది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట ఈ నేలను కరువు నుంచి అన్నపూర్ణగా మార్చింది. ఇప్పుడు మనం దాటే బ్యారేజీ దాని స్థానంలో తరువాత వచ్చినది. లంకల మధ్య నాలుగు ముక్కలుగా ఉంటుంది: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. కాటన్ మ్యూజియంలో ఆనాటి యంత్రాలు, నమూనాలు ఉన్నాయి, గంట కేటాయించండి. గుర్రం మీద ఉన్న ఆయన విగ్రహానికి రైతులు ఇప్పటికీ దండలు వేస్తారు. మా తాతగారి తరం వాళ్లు స్నానం చేసేటప్పుడు చెప్పుకునే సంకల్పంలో ఆ దొర పేరు కూడా ఉండేది. పరాయి పాలకుల్లో ఒకడికి అలాంటి గౌరవం దక్కిందంటే, నీళ్లు రాకముందు ఇక్కడ ఆకలి ఎలా ఉండేదో ఊహించండి.

బ్యారేజీ దాటి బొబ్బర్లంక వైపు మళ్లితే ఒక పక్క కాలువ, ఇంకో పక్క అరటి, కొబ్బరి. తొందరపడవద్దని డ్రైవరుతో ముందే చెప్పండి. లొల్ల లాకుల దగ్గర దిగి కాసేపు నిలబడండి. నీటి మట్టం మారే చోట లాకు తలుపులు, పాత చెట్ల నీడ, గట్టు మీద గేదెలను కడిగే పిల్లలు. దాహం వేస్తే బొండాం కొట్టించుకోండి. నీళ్లు తాగాక కాయను రెండుగా చీల్చమని, చెక్కతో లేత కొబ్బరి తీసి ఇమ్మని అడగండి.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనే ముందు, అవి తయారవడం చూడండి. రోడ్డు మీద వరుసగా దుకాణాలుంటాయి. పని జరిగేది లోపలి వీధుల్లో, ఇళ్లలో. గుమ్మం దగ్గర ఆగి, "అమ్మా, రేకు తీయడం చూడవచ్చా?" అని అడగండి. కాదనే ఇల్లు నాకు తగల్లేదు. నేను మొన్న వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉన్నారు. పొయ్యి మీద బోర్లించిన కుండ, నున్నగా నల్లగా మెరుస్తోంది. కింద ఎండు కొబ్బరాకు ఒక్కొక్కటిగా తోస్తూ మంటను ఒకే తీరుగా ఉంచుతున్నారు. పక్కన వెడల్పాటి గిన్నెలో జయ రకం బియ్యం నానబెట్టి రుబ్బిన పిండి, పాలకంటే కాస్త చిక్కగా. పలుచని గుడ్డను అందులో తడిపి, రెండు చేతులతో అంచులు పట్టుకుని, కుండ మీద ఇటు నుంచి అటు లాగారు. చుయ్‌మన్న చప్పుడు. గుడ్డ వెళ్లిన చోట తెల్లని పొర. మనం రెప్ప వేసి తెరిచేలోగా దాని అంచు లేచింది, ఆవిడ వేలితో తీసి పక్కన పరిచారు. దాని వెనుక ఉన్న గోడ క్యాలెండరులో అంకెలు రేకులోంచి కనిపించాయి.

చుట్టేటప్పుడు రేకును తడిగుడ్డతో అలా అద్ది మెత్తబరుస్తారు. దాని మీద నెయ్యి, పంచదార పొడి లేదా బెల్లం తురుము, మళ్లీ రేకు, మళ్లీ నెయ్యి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఆ కుండల ముందు కూర్చున్న ఆడవాళ్ల చేతులది. బేరం ఆడకండి.

కొనేటప్పుడు మూడు సంగతులు అడగండి. ఎప్పుడు చుట్టారు? నెయ్యి ఏది? ఒకటి రుచి చూడవచ్చా? తాజా పూతరేకు నోట్లో పెట్టుకోగానే కరగాలి, అంగిలికి అంటుకోకూడదు. నెయ్యి వాసన కమ్మగా రావాలి, నూనె కంపు తగిలితే పక్క దుకాణానికి వెళ్లండి. ఒకసారి తొందరలో హైవే పక్కన ఒక బడ్డీలో పెట్టె కొని, ఇంటికి వెళ్లి విప్పితే అట్టముక్కల్లా ఉన్నాయి. అప్పటి నుంచి కళ్లముందు చుట్టినవే తీసుకుంటున్నాను. నావరకు బెల్లం పూతరేకే పూతరేకు. జీడిపప్పులు, చాక్లెట్ పొడి నింపినవి పిల్లలకు నచ్చుతాయేమో గాని, వాటిలో రేకు రుచి తెలియదు.

పదకొండు లోపు ర్యాలి చేరుకోండి, మధ్యాహ్నం గుడి తలుపులు మూస్తారు. జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ఒకే రాతిలో ముందు నుంచి కేశవుడు, వెనుక నుంచి మోహిని. వెనుక వైపుకు తప్పకుండా వెళ్లండి, జడ అల్లికను, కాలి మడమలను అర్చకులు చూపించే దాకా ఆగండి. తిరుగు దారిలో రావులపాలెం మీదుగా హైవే ఎక్కితే అరటి గెలల మార్కెట్టు, ఆ పైన కడియం నర్సరీలు. నర్సరీల్లో అరగంటే అనుకుని దిగినవాళ్లు చీకటి పడేదాకా రారు. మొక్కలు కొనేది ఉంటే చివరన కొనండి, కారులో వేడికి వాడిపోతాయి.

పులస కోసం వచ్చేవారికి

పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత. సామెతను నమ్మి అప్పులు చేయనక్కరలేదు గాని, మోసపోకుండా చూసుకోవాలి. సముద్రంలో ఉన్నప్పుడు అది విలస. వరదనీరు కడలిలో కలిసేటప్పుడు గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. ఎర్రనీటిలో ఈదుతూ వచ్చిన కొద్దీ ఉప్పు వదులుతుంది, కొవ్వు రుచి మారుతుంది, అప్పుడు పులస అవుతుంది. ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ అడ్డుపడుతుంది కనుక దానికి దిగువనే వలలు వేస్తారు. కిలో వేలల్లో పలుకుతుంది.

ఇతర రాష్ట్రాల నుంచి మంచులో వచ్చిన విలసను పులసగా అమ్మేవాళ్లున్నారు. విలస తళతళలాడే వెండి రంగులో ఉంటుంది, పులస పొలుసు మీద కాస్త గోధుమ, ఎరుపు ఛాయ తిరుగుతుంది. అయినా రంగు ఒక్కటే చూసి డబ్బు ఇవ్వవద్దు. తెలిసిన స్థానికులను వెంటబెట్టుకుని, పొద్దున్నే పడవ ఒడ్డుకు చేరే చోట కొనండి. నేను ఒక భాద్రపదంలో ఒంటరిగా వెళ్లి, పడవ దాకా నడవడానికి బద్ధకించి, రోడ్డు మీదే కొన్నాను. పులుసు పొయ్యి మీద ఉండగానే మా పిన్ని వాసన చూసి, ఇది ఏరు చూసిన చేప కాదని చెప్పేసింది.

హోటల్లో తినాలంటే ముందు రోజే చెప్పి పెట్టండి. మట్టి దాకలో, సన్నని సెగ మీద, చింతపండు పులుసులో బెండకాయలు, చివర ఆవకాయ ఊట వేసి వండుతారు. ఒక రాత్రి గడిస్తేనే పులుసు ముక్కకు పడుతుంది, కాబట్టి నిన్న వండినది అడగండి. ముళ్లు చాలా ఎక్కువ. ఫోను పక్కన పెట్టి, మాటలు తగ్గించి, వేళ్లతో విడదీసుకుంటూ తినండి. చిన్నపిల్లలకు పెట్టవద్దు.

మూడో రోజు ఉంటే

కడియం, ద్వారపూడి, మండపేట మీదుగా తాపేశ్వరం వెళ్లి మడత కాజా వేడిగా తినండి. పొరలు విప్పితే మధ్యలో పాకం ఊరి ఉండాలి. కాకినాడ గొట్టం కాజా వేరు, అది కొరకగానే పాకం చిమ్ముతుంది, చొక్కా జాగ్రత్త. రామచంద్రపురంలో ఆర్టోస్ సోడా తాగండి, నూరేళ్లు దాటిన మా ప్రాంతపు కూల్‌డ్రింకు. ద్రాక్షారామంలో భీమేశ్వరుడిని దర్శించుకుని, కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం దిగండి. కార్లు, బైకులు, మనుషులు, మేకలు అన్నీ ఒకే బల్ల మీద గౌతమిని దాటుతాయి. పంటు నడుస్తోందో లేదో ద్రాక్షారామంలోనే అడగండి, లేకపోతే వెనక్కి చాలా దూరం తిరగాలి. అటు దిగాక అయినవిల్లి, అమలాపురం, అంబాజీపేట. అంబాజీపేటలో పొట్టిక్కలు పొద్దున పూటే దొరుకుతాయి కనుక, పనసాకు బుట్టల్లో ఉడికిన ఆ ఇడ్లీల వాసన కావాలంటే ముందు రాత్రి అమలాపురంలో ఉండిపోండి. దసరా దాటాక వచ్చేవారు యానాం దాకా వెళ్తే చీరమేను దొరకవచ్చు. తూర్పుగాలి వీచే రోజుల్లో చీరలతో పట్టే గోరంత చేపలు అవి, గ్లాసులతో కొలిచి అమ్ముతారు.

తిరుగు ప్రయాణంలో కాజాలు సంచి అడుగున, పూతరేకుల పెట్టె అన్నిటికీ పైన. రైలులో సీటు కింద తోయకండి, పై బెర్తు మీద ఒక పక్కగా పెట్టి, దాని మీద ఎవరూ దుప్పటి మడత వేయకుండా చూసుకోండి. నెయ్యి కమ్మదనం తగ్గకముందే, చేరిన మర్నాడు పొద్దున్నే పెట్టె విప్పేయండి.